500 రూట్స్ బట్టీ పట్టాలా? నర్సింగ్ చదివే ఒక అమ్మాయికి జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది కోనసీమలో ఒక లంక గ్రామం. ఇంటర్ బైపీసీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. అనాటమీ పుస్తకం తెరిస్తే లైనుకో కొత్త మాట, టెన్షన్ వచ్చేస్తోంది. 500 గ్రీకు, లాటిన్ రూట్స్, అంటే మాటల మూల ధాతువులు, ఉన్న పీడీఎఫ్ ఒకటి సీనియర్ అక్క పంపింది. అది బట్టీ పడితే పెద్ద మాటలన్నీ వాటంతట అవే అర్థమవుతాయంది. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

బట్టీ పట్టకమ్మా. ఆ పీడీఎఫ్‌లో సరుకు మంచిదే, అక్క చెప్పిన పద్ధతి మాత్రం పనికిరాదు. విడివిడి ముక్కలు 500 నేర్చుకుంటే వారం తిరిగేసరికి సగం పోతాయి, మిగిలిన సగం ఒకదాంతో ఒకటి కలగాపులగం అవుతాయి. నేను కోనసీమలోనూ, గోదావరికి పడమటి గట్టునా కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి జాబితాలు అప్పుడూ తిరిగేవి, జిరాక్సు కాగితాల రూపంలో. నీది మా అమ్మాయి వయసు కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

తెలుగు మీడియం అని భయపడుతున్నావు గానీ, ఈ ఒక్క విషయంలో అది నీకు లాభమే. చూడు, ఇంట్లో నీళ్ళు అంటాం, ధవళేశ్వరం దగ్గర నిలిచిన నీటిని మాత్రం జలాశయం అంటాం. నీళ్ళాశయం అని ఎవరూ అనరు. కన్ను మన మాట, దానం చేసేటప్పుడు నేత్రదానం. పన్ను నొప్పి వస్తే దంతవైద్యుడు. గుండె జబ్బుని పేపర్లో హృద్రోగం అని రాస్తారు. రోజువారీ మాట అచ్చ తెలుగు, శాస్త్రం మాట సంస్కృతం. ఈ రెండు పొరల మధ్య అటూ ఇటూ తిరగడం నీకు చిన్నప్పుడే అలవాటైపోయింది.

ఇంగ్లీషులోనూ ఇదే ఏర్పాటు, కాకపోతే అక్కడ పొరలు మూడు. ఇంట్లో మాట 'ఐ'. లాటిన్ నుంచి వచ్చింది 'ఆక్యులర్'. గ్రీకు నుంచి వచ్చింది 'ఆఫ్తాల్మాలజీ'. అలాగే టూత్, డెంటల్, ఆర్థోడాంటిస్ట్. వాటర్, ఆక్వాటిక్, హైడ్రాలజీ. కిడ్నీ, రీనల్, నెఫ్రైటిస్. నీకు ఒక మోటు సూత్రం చెబుతాను, మినహాయింపులు బోలెడున్నా పనికొస్తుంది: శరీర భాగాల పేర్లలో లాటిన్ పాలు ఎక్కువ, జబ్బుల పేర్లలోనూ ఆపరేషన్ల పేర్లలోనూ గ్రీకు పాలు ఎక్కువ. అందుకే కిడ్నీకి వెళ్ళే రక్తనాళం రీనల్ ఆర్టరీ, ఆ కిడ్నీకే వాపు వస్తే నెఫ్రైటిస్. యూరప్‌లో వైద్యాన్ని మొదట శాస్త్రంగా రాసుకున్నవాళ్ళు గ్రీకులు. ఆ తర్వాత వందల ఏళ్ళు అక్కడి చదువంతా లాటిన్‌లో నడిచింది. 1543లో వెసేలియస్ అచ్చు వేయించిన శరీర నిర్మాణ గ్రంథం కూడా లాటిన్‌లోనే ఉంది.

కొన్ని మాటలు ఫ్రెంచి చేతుల మీదుగా వచ్చాయి. మీ కాకినాడకి యానాం పక్కనే కదా, 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ళదే పాలన. ఆ ఫ్రెంచి లాటిన్‌లోంచి పుట్టిన భాషే. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కోర్టు, జడ్జి, గవర్నమెంట్ లాంటి మాటలన్నీ ఆ దారినే ఇంగ్లీషులోకి దిగాయి. దీని గురించి ఇంతకంటే నీకు అవసరం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. తొమ్మిదిలోనో పదిలోనో తెలుగు మాస్టారు ఉపసర్గలు చెప్పే ఉంటారు. 'హార' అనే ఒక్క ముక్కకి ముందు 'ఆ' చేర్చితే ఆహారం, 'వి' చేర్చితే విహారం, 'సం' చేర్చితే సంహారం, 'పరి' చేర్చితే పరిహారం, 'ప్ర' చేర్చితే ప్రహారం. తిండి, షికారు, చంపడం, నష్టానికి ఇచ్చే డబ్బు, దెబ్బ. ధాతువు ఒకటే, ముందున్న చిన్న ముక్క అర్థాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికో లాక్కుపోయింది. ఈ యంత్రం నీకు తెలుసు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అదే యంత్రాన్ని గుర్తుపట్టలేకపోతున్నావు, అంతే.

మీ ఊరి నుంచే ఒక ఉదాహరణ. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవ నీళ్ళని అవతలి లంకలకి దాటించే కట్టడం చూసే ఉంటావు. పాతది కాటన్ దొర కాలం నాటిది, కొత్తది డొక్కా సీతమ్మ గారి పేరు మీద ఉంది. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అందరూ దాన్ని అక్విడెక్టు అనే అంటారు. లాటిన్‌లో ఆక్వా అంటే నీరు. భీమవరం వైపు రొయ్యల చెరువులవాళ్ళని 'ఆక్వా రైతులు' అంటున్నాం చూడు, ఆ ఆక్వానే. డక్ట్ అంటే నడిపించడం, తీసుకుపోవడం. నీటిని తీసుకుపోయేది అక్విడెక్ట్. ఇప్పుడు ఈ డక్ట్‌ని పట్టుకుని నీ పుస్తకంలోకి రా. పైత్యరసాన్ని తీసుకుపోయే గొట్టం బైల్ డక్ట్. లేబర్ రూములో నొప్పులు రావడానికి మందు పెడితే ఇండక్షన్. బస్సులో అందరినీ కూడగట్టుకుని నడిపించేవాడు కండక్టర్. జీతంలోంచి తీసేసేది డిడక్షన్.

వీటన్నిటికంటే నీకు ముఖ్యమైన జంట ఒకటుంది: అబ్డక్షన్, అడ్డక్షన్. కండరాల పాఠంలో పిల్లలంతా తికమకపడేది ఇక్కడే. 'అబ్' అంటే దూరంగా, 'అడ్' అంటే దగ్గరికి. చెయ్యి ఒంటి నుంచి పక్కకి లేపితే అబ్డక్షన్, మళ్ళీ ఒంటి దగ్గరికి తెస్తే అడ్డక్షన్. పోలీసు కేసుల్లో మనిషిని ఎత్తుకుపోవడాన్నీ అబ్డక్షన్ అనే అంటారు. మనం దాన్ని అపహరణ అంటాం. అప, హరణ: అటు తీసుకుపోవడం. మన 'అప', లాటిన్ 'అబ్' ఒకే పురాతన మూలం నుంచి వచ్చాయి. ఇంత తెలిశాక పరీక్ష హాల్లో ఏది ఏదో తడుముకోనక్కర్లేదు.

ఇదే పద్ధతిలో ఇంకొకటి. 'ఫెర్' అంటే మోయడం. మెదడు వైపు సంకేతాలు మోసుకొచ్చే నరాలు అఫరెంట్, మెదడు నుంచి బయటికి మోసుకుపోయేవి ఎఫరెంట్. మొదటిదాంట్లో ఉన్నది 'అడ్', రెండోదాంట్లో 'ఎక్స్'. 'అడ్' కాస్తా 'అఫ్' ఎలా అయిందంటావా? సంధి. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం అయినట్టే, జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు అయినట్టే. ఉపసర్గ చివరి హల్లు, తర్వాతి హల్లుకి లొంగిపోతుంది. ఇన్, లీగల్ కలిస్తే ఇల్లీగల్, ఇన్, రెగ్యులర్ కలిస్తే ఇర్రెగ్యులర్. ఇంగ్లీషు స్పెల్లింగులో అర్థం లేకుండా కనిపించే జంట అక్షరాల్లో చాలావాటికి కారణం ఈ సంధే. అకామొడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు ఎందుకని చాలామంది అడిగేవారు. అడ్, కామ్ అని రెండు ఉపసర్గలు, ఆ తర్వాత మోడ్ అనే ధాతువు. అడ్‌లో డీ పోయి సీ అయింది, కామ్‌లో ఎమ్ ఒకటి, మోడ్‌లో ఎమ్ ఒకటి. అయిపోయింది లెక్క. ఇక ఈ 'ఫెర్' ఉంది చూశావా, మన భారం, భరించడం దీనికి చుట్టాలే. కొబ్బరి చెట్టు శాస్త్రీయ నామం కోకోస్ న్యూసిఫెరా అని బైపీసీలో చదివావు కదా. న్యూసిఫెరా అంటే కాయలు మోసేది.

చుట్టరికం అన్నాను కాబట్టి అది ఎక్కడిదో చెప్పాలి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ ఉపన్యాసంలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబం కాదు. తమిళ, కన్నడాలతో కలిసి దానిది వేరే ఇల్లని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లోనే చూపించాడు. కాబట్టి బంధుత్వం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలకే. నీరు, కన్ను, గుండె లాంటి మాటలకి గ్రీకులో చుట్టాలని వెతక్కు.

నర్సింగ్‌లో రోజూ తగిలే చుట్టాలు కొన్ని చెబుతాను, ఇవి మాత్రం గట్టిగా పట్టుకో.

మొదటిది లేమిని చెప్పే 'అ'. మనకి ధర్మం లేనిది అధర్మం. అచ్చు ముందు వస్తే అది 'అన్' అవుతుంది: అనంతం, అనేకం, అనర్హం. గ్రీకులోనూ అచ్చం ఇదే నియమం. సెప్టిక్ కానిది ఎసెప్టిక్. ఊపిరి ఆగితే ఏప్నియా. కండరానికి పోషణ లేక చిక్కిపోతే ఎట్రఫీ. అచ్చు ముందు 'అన్': మూత్రం రాకపోతే అనూరియా, స్పర్శ తెలియకుండా చేస్తే అనస్థీషియా, రక్తం తక్కువైతే అనీమియా. రక్తానికి గ్రీకు మాట హైమా. అది ముందుంటే హిమోగ్లోబిన్, హెమటాలజీ, చివరికి వస్తే లుకీమియా, యురీమియా, సెప్టిసీమియా.

రెండోది 'దుస్'. వెళ్ళడానికి కష్టమైనది దుర్గమం, చేయడానికి కష్టమైనది దుష్కరం, భరించలేనిది దుర్భరం. గ్రీకులో ఇది 'డిస్', స్పెల్లింగులో వై ఉంటుంది. మింగడం కష్టమైతే డిస్ఫేజియా, ఊపిరి కష్టమైతే డిస్ప్నియా, పేగులు పాడైతే డిసెంట్రీ. ఇదే ఊపిరి ముక్కకి ముందు టాకీ తగిలిస్తే ఊపిరి వేగం ఎక్కువ, బ్రాడీ తగిలిస్తే తక్కువ, ఆర్థో తగిలిస్తే నిటారుగా కూర్చుంటే తప్ప ఊపిరాడని స్థితి. ఒక్క మాట నేర్చుకుంటే వార్డులో అయిదు మాటలు తెలిశాయి.

హైపర్ అంటే మన ఉపరి, హైపో అంటే మన ఉప. బీపీ పైకి పోతే హైపర్‌టెన్షన్. షుగర్ డౌన్ అయిందని మనవాళ్ళు అనే స్థితి హైపోగ్లైసీమియా: హైపో అంటే కింద, గ్లైక్ అంటే తీపి, హైమా అంటే రక్తం. పలికేటప్పుడు హైపర్, హైపో రెండూ ఒకేలా వినపడతాయి, అందుకే ఫోన్లో చెప్పేటప్పుడు షుగర్ ఎంతో అంకె కూడా చెప్పమంటారు. గుండె చుట్టూ ఉండే సంచి పెరికార్డియం. పెరి అంటే మన పరి, పరిధిలో ఉన్నది. ఇంటర్ అంటే అంతర్. మన అంతర్వేది పేరులో ముందున్న ముక్క అదే, అంతర్జాతీయంలోనూ అదే.

కానీ పోలిక కనిపించిన ప్రతిదీ చుట్టరికం కాదు. గ్రీకు 'సిన్', మన 'సం' అర్థంలో దగ్గర, శబ్దంలో దగ్గర, అయినా ఒకే మూలం కాదంటారు భాషాశాస్త్రజ్ఞులు. లాటిన్‌లో రోజుని డియెస్ అంటారు, ఇంగ్లీషు డే దానికి ఏమీ కాదు. మన దివసానికి మాత్రం ఆ డియెస్ బంధువే! అందుకే మనకి మనం ఊహించుకోకుండా, మాట పుట్టుక కూడా ఇచ్చే నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకోవాలి. వాట్సాప్‌లో తిరిగే కథలు అసలు నమ్మకు. న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలని ఒక కథ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. అది కేవలం 'న్యూ'కి బహువచనం.

పెద్ద మాటని ఎటు నుంచి విప్పాలన్నది మరో ప్రశ్న. వెనక నుంచి. ఇదీ నీకు తెలిసిన వ్యాకరణమే, తత్పురుషలో ఉత్తరపదమే ప్రధానం కదా. రాజభవనం అంటే భవనం, రాజు కాదు. ఎండోకార్డైటిస్ తీసుకో. చివర 'ఐటిస్', అంటే వాపు. ఎక్కడి వాపు? కార్డ్, గుండె. గుండెలో ఎక్కడ? ఎండో, లోపలి పొర. హెపటోస్ప్లీనోమెగలీ అనే మాట చూసి కళ్ళు తిరగని పిల్ల నాకు తగల్లేదు. చివర మెగలీ, పెరగడం. ముందున్నది లివరూ స్ప్లీనూ, అదొక ద్వంద్వ సమాసం. లివరూ స్ప్లీనూ రెండూ పెరిగాయి, అంతే సంగతి.

ఆపరేషన్ల చివర్లలో మూడు ఉన్నాయి, వీటిని కలిపేస్తే ప్రమాదం. టమీ అంటే కోయడం, ఎక్టమీ అంటే కోసి తీసేయడం, ఆస్టమీ అంటే బయటికి నోరు పెట్టడం. మూడోదాంట్లో ఉన్నది 'స్టోమా', గ్రీకులో నోరు. ఆకుల మీద ఉండే స్టొమాటా నువ్వు ఇంటర్‌లో బొమ్మ వేశావు, ఆకు నోళ్ళవి. పెద్దపేగుని పొట్ట మీదికి తెరిస్తే కొలాస్టమీ. అపెండిక్స్ తీసేస్తే అపెండెక్టమీ. నీ పుస్తకం పేరులోనూ ఈ టమీయే ఉంది: అనాటమీ, పూర్తిగా విప్పి కోసి చూడటం. ఇక్కడ 'అనా' లేమి కాదు సుమా, 'పైకి, మొదలంటా' అనే వేరే ఉపసర్గ. లేమి చెప్పే 'అ' చేర్చితే ఏటమ్ అవుతుంది, కోయడానికి వీల్లేనిది.

ఈ 'అనా'ని నేను పులసతో చెప్పేవాణ్ణి. వరదల రోజుల్లో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీది వచ్చే చేపల్ని జంతుశాస్త్రంలో అనాడ్రమస్ అంటారు. అనా అంటే పైకి, డ్రోమోస్ అంటే పరుగు. పులస కూర పేరెత్తితే క్లాసులో నిద్రపోయేవాడు కూడా లేస్తాడు, అదొక సౌకర్యం. ఆ పరుగే నీ పుస్తకంలో సిండ్రోమ్: రకరకాల లక్షణాలు కలిసి పరుగెత్తుకు రావడం. జబ్బు బయటపడకముందే ముందుగా పరుగెత్తుకొచ్చే లక్షణాలు ప్రోడ్రోమ్.

నువ్వు లంకలో పుట్టానన్నావు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. లంకకి లాటిన్ మాట ఇన్సులా. మూడు పక్కలా నీళ్ళుంటే పెనిన్సులా, దాదాపు లంక. 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి పాంక్రియాస్‌ని మైక్రోస్కోపు కింద చూస్తే, తక్కిన కణజాలం మధ్య విడిగా గుంపులు గుంపులుగా కొన్ని కణాలు కనిపించాయి. వాటికి తర్వాత లాంగర్‌హాన్స్ లంకలని పేరు పడింది. ఆ లంకల్లోంచి ఊరే పదార్థం కాబట్టి దాన్ని ఇన్సులిన్ అన్నారు. 1921లో టొరాంటోలో దాన్ని విడదీసి మందుగా వాడే దారి వేశారు. కరెంటు తీగని చుట్టూ వేరు చేసే ఇన్సులేషన్ కూడా ఆ లంకే. తమాషా ఏమిటంటే, లంక అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట 'ఐలాండ్' మాత్రం ఈ కుటుంబం కాదు. అది పాత ఇంగ్లీషు మాట, దాంట్లో ఎస్ అనే అక్షరమే లేదు. ఇన్సులాకి సంబంధించిందని పండితులు పొరబడి మధ్యలో ఎస్ ఇరికించారు. అప్పటి నుంచి ఎవరూ పలకని ఆ అక్షరాన్ని ప్రపంచమంతా రాస్తూనే ఉంది.

డెల్టా సంగతి ఇంకా బాగుంటుంది. గ్రీకు అక్షరమాలలో నాలుగో అక్షరం డెల్టా, త్రికోణంగా ఉంటుంది. నైలు నది ముఖద్వారం ఆ ఆకారంలో ఉంటుంది కాబట్టి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కాలం నుంచే ఆ పేరు వాడుకలో ఉంది. ధవళేశ్వరం దగ్గర కొన పెట్టి, గౌతమి, వశిష్ఠ పాయల్ని రెండు భుజాలుగా గీసి, సముద్రాన్ని అడుగు గీతగా వేసుకుంటే నడిమి డెల్టా, అంటే మన కోనసీమ, అందులో పడుతుంది. ఇప్పుడు నువ్వు ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకునే భుజం కండరం పేరు చూడు: డెల్టాయిడ్. 'ఆయిడ్' అంటే ఆ ఆకారంలో ఉన్నది. తలకిందులు చేసిన డెల్టా లాంటి కండరం. పాత వైద్యులకి గ్రీకు అక్షరాలే చేతిలో ఉన్న బొమ్మలు. ఎస్ శబ్దానికి అక్షరం సిగ్మా, ఆ వంపులో ఉన్న పెద్దపేగు భాగం సిగ్మాయిడ్. అప్సిలాన్ అక్షరంలా ఉన్న గొంతు ఎముక హయాయిడ్. పుర్రె వెనక లాంబ్డా అక్షరంలా కలిసే అతుకు లాంబ్డాయిడ్. కంటి నరాలు అడ్డంగా దాటుకునే చోటు కయాజ్మా, అది కై అనే అక్షరం నుంచి, మనం తప్పు కొట్టే గుర్తులా ఉంటుంది. ఈ నాలుగైదు అక్షరాలు ఒక కాగితం మీద గీసుకుని పక్కన ఎముకల బొమ్మ పెట్టుకో. అక్షరం కానివీ ఉన్నాయి: డాలు ఆకారం థైరాయిడ్, చీలమేకు లాంటి ఆకారం స్ఫీనాయిడ్.

ఇప్పటిదాకా చెప్పింది చదివి ముక్కలు విడదీస్తే చాలు అనుకోకు. మూలం ఆ మాట పుట్టిన రోజున మనుషులు ఏమనుకున్నారో చెబుతుంది, నిజం ఏమిటో చెప్పదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడ్డ గాలి. గాలి కాదు దోమ అని 1897లో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ తేల్చాడు, పేరు మాత్రం మారలేదు. ఆర్టరీల్లో గాలి తిరుగుతుందనుకున్నారు పాతవాళ్ళు. హిస్టీరియాకి గర్భసంచి కారణమనుకున్నారు. హిస్టెరా అంటే గర్భసంచి. గర్భసంచి తీసేసే ఆపరేషన్ హిస్టెరెక్టమీలో ఆ మాట సరిగ్గా కూర్చుంది, హిస్టీరియాలో మాత్రం పాత మూఢనమ్మకంగా మిగిలిపోయింది.

ఒకేలా కనిపించే ముక్కలు కూడా చూసుకోవాలి. లాటిన్‌లో పెడ్ అంటే పాదం, పెడల్, పెడెస్ట్రియన్ అందులోవి. పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు మాట, పిల్లవాడని అర్థం. యాంటీ స్పెల్లింగులో ఐ ఉంటే వ్యతిరేకం, యాంటీబయోటిక్. 'ఈ' అక్షరం ఉంటే ముందు, యాంటినేటల్ వార్డు. ఇంటర్ అంటే మధ్య, ఇంట్రా అంటే లోపల: సిరలోకి ఎక్కించేది ఇంట్రావీనస్.

నిజం చెప్పాలంటే మెడికల్ షాపు కుర్రాళ్ళకి లాటిన్ నీకంటే ఎక్కువే వచ్చు. డాక్టరు చీటీ మీద బీడీ అని ఉంటే రోజుకి రెండుసార్లు: బిస్ ఇన్ డియె. టీడీఎస్ అంటే మూడుసార్లు. బిస్, టెర్ అన్నవి మన సంస్కృతం ద్విః, త్రిః మాటలకి చుట్టాలే. ఏసీ అంటే తిండికి ముందు, పీసీ అంటే తిన్నాక. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే, సి ఓపుస్ సిట్. ఎన్‌పీఓ అంటే నోటి ద్వారా ఏమీ వద్దని. స్టాట్ అంటే వెంటనే. ఓడీ దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు చీటీలో రోజుకి ఒకసారి, కంటి వార్డులో ఆక్యులస్ డెక్స్‌టర్, అంటే కుడి కన్ను. అనుమానం వస్తే సిస్టర్‌ని అడుగు, ఊహించకు.

మొదలుపెట్టడం ఎక్కడ అన్నావు. ఈ వారం చెబుతున్న పాఠం దగ్గరే. ఆ పాఠంలో కొత్త మాట తగలగానే విడదీసి, అందులో ఒక్క ముక్కని నోట్సులో శీర్షికగా రాసి, కింద నీకు ముందే తెలిసిన మాట ఒకటైనా పెట్టు. తెలిసిన మాట దొరకని ముక్కని ఇప్పటికి వదిలేయ్, మూడో పాఠంలో అదే మళ్ళీ ఎదురొస్తుంది. పీడీఎఫ్‌ని పారేయక్కర్లేదు. నీ ముక్క అర్థం సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

అక్క చెప్పని సంగతి ఒకటుంది. ఈ రూట్స్ అన్నీ పుస్తకం చదవడానికే సాయం చేస్తాయి, మాట్లాడటానికి చేయవు. విదేశాలకి వెళ్ళాలన్న ఆలోచన ఉంటే, అక్కడ పేషెంట్ వామిటింగ్ అనడు, త్రో అప్ అంటాడు. స్పృహ తప్పితే పాస్ అవుట్, తెలివి వస్తే కమ్ రౌండ్. గెట్, పుట్, టేక్ లాంటి చిన్న మాటలు గ్రీకూ కావు, లాటినూ కావు, వాటిని విడదీయడానికి ఏమీ ఉండదు. చాలామంది మన పిల్లలు పెద్ద మాటలు బాగానే పట్టేసి, ఈ చిన్నవాటి దగ్గర తడబడతారు. వాటికి వినడం ఒకటే దారి. రోజూ కాసేపు పేషెంట్, నర్సు మాట్లాడుకునే వీడియోలు విను.

స్పెల్లింగు గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. పీహెచ్‌ని ఫగా, సీహెచ్‌ని కగా పలుకుతున్నా, న్యుమోనియాలో లాగ ముందు పలకని పీ ఉన్నా అది గ్రీకు మాటని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. నీ పాఠ్యపుస్తకం బ్రిటిష్ పద్ధతిదైతే అనీమియాలో 'ఏ', 'ఈ' అక్షరాలు రెండూ ఉంటాయి, ఎడిమా ఓ అక్షరంతో మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే అమెరికన్ పద్ధతిలో ఆ ఏ, ఆ ఓ ఎగిరిపోతాయి. పుస్తకం వెనక ఇండెక్స్‌లో ఎడిమా 'ఈ' అక్షరం దగ్గర దొరక్కపోతే 'ఓ' దగ్గర చూడు. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాయి.